ఓడినవారికి అభయమేది?

ఎన్నికలనగానే మన దృష్టి గెలిచినవారి మీదికే పోవును. ఎవరికెన్ని స్థానములు దక్కినవి, మంత్రిపదవులు ఎవరిని వరించును, దండలు ఎవరి మెడలో పడును అనునవియే రచ్చబండమీదను పత్రికలలోను ముచ్చట్లు. ఓడినవాని సంగతి ఎవరికిని పట్టదు. కాని నిదానించి చూచినచో ప్రజాప్రభుత్వము బరువంతయు ఆ ఓడినవాని మీదనే ఆనియున్నదని తెలియును. ఫలితములు వెలువడిన రాత్రి అతడు తన యింట నిశ్చింతగా నిద్రింపగలుగవలయును. తన ఆస్తిపాస్తులును, ఆలుబిడ్డలును, ఆచారవ్యవహారములును గెలిచినవారి దయాధర్మములపై ఆధారపడి యుండవని నమ్మవలయును. ఐదేండ్లకు మరల బరిలోనికి దిగవచ్చునని లెక్కవేసికొనగలుగవలయును. అట్టి నమ్మిక యున్నచోట ఓటమి నాలుగునాళ్ల మనస్తాపముతో తీరిపోవును. లేనిచోట వోటు లెక్క తేలకముందే తుపాకులు సిద్ధమగును.

ఇస్లామునకును ప్రజాస్వామ్యమునకును పొత్తు కుదురునా అను ప్రశ్న అరబ్బు దేశములను గూర్చి మాటాడువారి నోట తఱచుగా వినవచ్చును. కొందఱు పండితులు ధర్మగ్రంథములలోని సంప్రదింపు సంప్రదాయమును ఉదాహరించి కుదురుననియు, మఱికొందఱు సార్వభౌమాధికారము దైవమునకే చెందునను సిద్ధాంతమును చూపి కుదరదనియు వాదింతురు. ఈ వాదమునకు అంతము లేదు. ముస్లిములు అత్యధికసంఖ్యాకులైన ఇండొనేషియాలో 1999 నుండియు క్రమముగా ఎన్నికలు జరుగుచునే యున్నవి; సెనెగలులో 2000 సంవత్సరమునను, 2012లోను ఓడిన అధ్యక్షులు పదవిని విడిచి యింటికి పోయిరి. కావున చిక్కు గ్రంథములలో ఉన్నదని చెప్పుట కష్టము. నియంతృత్వము క్రింద పెరిగిన సమాజములో లౌకికవాదులును, ఇస్లామీయ ఉద్యమకారులును ఒకరినొకరు చూచి భయపడుటయు, ఆ భయమును నియంత తన పెట్టుబడిగా వాడుకొనుటయు అసలు చిక్కు. దీనిని తెలిసికొనుటకు ఉత్తరాఫ్రికాలో ప్రక్కప్రక్కనే యున్న రెండు దేశముల చరిత్ర చాలును. ఒకటి అల్జీరియా, రెండవది ట్యునీసియా.

రెండు భయములు, ఒక గద్దె

మతమును వ్యక్తిగతమైన భక్తికి పరిమితము చేయక, రాజ్యపాలనకును, చట్టములకును, సంఘనీతికిని ఇస్లామే మార్గదర్శకము కావలయునని కోరు ఉద్యమములన్నింటికిని కలిపి రాజకీయ ఇస్లామని పేరు. 1928లో ఈజిప్టునందలి ఇస్మాయిలియా పట్టణమున హసన్ అల్ బన్నా యను బడిపంతులు స్థాపించిన ముస్లిం బ్రదర్‌హుడ్ వీనిలో పేరెన్నికగన్నది. దాని ప్రభావము క్రమముగా అరబ్బు దేశములన్నింటను వ్యాపించినది. ఈ ఉద్యమములలో అన్నిరకములవారును కలరు. వోటు ద్వారా మార్పు తేదలచినవారు కలరు, ధర్మబోధతో తృప్తి చెందువారు కలరు, ఆయుధము పట్టినవారును కలరు. వీరినందఱిని ఒక్క త్రాటికి కట్టి చూపుట నియంతలకు మిక్కిలి ప్రియమైన పని.

వలసపాలన తొలగిన తరువాత అరబ్బు దేశములలో పెక్కింట ఒకే పార్టీయో, ఒకే సైనికాధికారియో పెత్తనము చేసిరి. అట్టి పాలకుడు పార్టీలను నిషేధింపగలడు, కార్మికసంఘములకు కళ్లెము వేయగలడు, పత్రికల నోరు మూయగలడు. మసీదు తలుపు మూయుట మాత్రము అతనికి సాధ్యము కాదు. ధర పెరిగినను, చదివిన కొడుకునకు ఉద్యోగము దొరకకున్నను, పోలీసువాడు చేయి చేసికొన్నను, నలుగురు కూడి చెప్పుకొనుటకు అదియొక్కటే చోటుగా మిగిలినది. ఆ చోటను ఉద్యమకారులు రోగులకు మందులిచ్చిరి, పిల్లలకు పాఠములు చెప్పిరి, పేదలకు అక్కఱ తీర్చిరి. ఇట్లు తక్కిన ప్రతిపక్షములను నియంత ఎంత గట్టిగా అణచునో, మసీదును ఆశ్రయించిన ప్రతిపక్షము అంతగా బలపడును.

ఆ బలమునే చూపి అతడు బేరమాడును. నగరములలోని చదువుకొన్న మధ్యతరగతివారితో, ముఖ్యముగా స్త్రీలతో, తాను తప్పుకొన్ననాడు మీ స్వేచ్ఛకు నీళ్లు వదలుకొనవలసినదే యని చెప్పును. పారిసులోను, వాషింగ్టనులోను తాను లేనిచో మధ్యధరా తీరమంతయు అగ్నిగుండమగునని చెప్పును. జైలులోని ఇస్లామీయవాదికి ఎవరును ఏమియు చెప్పనక్కఱలేదు. తన్ను కొట్టునప్పుడు బయటి లౌకికవాదులు మౌనముగా నుండిన సంగతి అతడు మఱవడు. రొట్టెకొఱకు కలహించిన రెండు పిల్లులకు కోతి తీర్పు చెప్పిన కథ మన పిల్లలందఱికిని తెలిసినదే. ఆ కోతికి పిల్లులు రాజీపడుటకంటె పెద్ద ఆపద లేదు.

అల్జీరియా: గెలుపే శాపమైనది

ఏడేండ్లకు పైగా సాగిన ఘోరయుద్ధము తరువాత 1962లో అల్జీరియా ఫ్రాన్సునుండి స్వాతంత్ర్యము పొందినది. ఆ యుద్ధమును నడిపిన జాతీయ విముక్తి కూటమి, అనగా ఎఫ్.ఎల్.ఎన్., ఏకైక పార్టీగాను, సైన్యము దానికి వెన్నెముకగాను పాతికేండ్లకు పైబడి పాలన సాగినది. చమురు డబ్బు పుష్కలముగా నున్నంతకాలము ప్రజలు నోరెత్తలేదు. 1986లో చమురు ధర పడిపోయినది. 1988 అక్టోబరులో యువకులు వీథులకెక్కిరి. సైన్యము కాల్పులు జరుపగా వందలమంది మరణించిరి. చేయునది లేక అధ్యక్షుడు షాద్లీ బెన్‌జదీద్ 1989లో క్రొత్త రాజ్యాంగము తెచ్చి పలుపార్టీలకు అనుమతినిచ్చెను. అట్లు పుట్టిన పార్టీలలో కొలదినెలలలోనే అందఱిని మించి పెరిగినది ఇస్లామీయ విమోచన కూటమి. దాని ఫ్రెంచి పేరులోని పొడి అక్షరములతో లోకము దానిని ఫిస్ అని పిలిచినది. విశ్వవిద్యాలయాధ్యాపకుడైన అబ్బాసీ మదనీయు, రాజధానిలోని బాబ్ అల్ వాద్ పేట మసీదులో నిప్పులు చెఱగు యువబోధకుడు అలీ బెల్హాజును దాని నాయకులు.

1989 అక్టోబరు చివర టిపాజా ప్రాంతమున భూకంపము వచ్చినప్పుడు ప్రభుత్వయంత్రాంగము కదలకముందే ఫిస్ కార్యకర్తలు సహాయసామగ్రితో అచ్చటికి చేరుకొనిరి. మఱుసటి జూనులో జరిగిన స్థానిక ఎన్నికలలో ఆ పార్టీ సగమునకు పైగా వోట్లు పొంది, దేశములోని పదునైదు వందలకు పైబడిన పురపాలికలలో 850కి మించి వశము చేసికొన్నది. నిన్నటిదాక ప్రజలచేత ప్రజలకొఱకు అను నినాదము వ్రాసియుండిన కార్యాలయముల ముఖద్వారములపై పెక్కుచోట్ల ఇస్లామీయ పురపాలిక యను బోర్డులు వెలసినవి. కచేరీలో ఉద్యోగము చేయు స్త్రీకిని, ఫ్రెంచిలో చదువుకొన్న వైద్యునికిని, బెర్బరు భాషాభిమానికిని ఆ బోర్డు చూడగానే గుండె జల్లుమన్నది. దీనికి తోడు, ప్రజాస్వామ్యమే ఇస్లామునకు విరుద్ధమని బెల్హాజ్ బాహాటముగా చెప్పుచుండెను. మదనీ ఊరడించును, బెల్హాజ్ బెదరించును; గెలిచిన తరువాత ఈ యిరువురిలో ఎవరి మాట చెల్లునో చెప్పగలవారు లేకపోయిరి. 1991 జూనులో ప్రభుత్వము ఇరువురిని జైలులో పెట్టినది. అంతటితో వారి పలుకుబడి తగ్గుననుకొన్నవారి అంచనా తప్పినది.

1991 డిసెంబరు 26న పార్లమెంటునకు తొలివిడత పోలింగు జరిగినది. మొత్తము స్థానములు 430. ఆ విడతలోనే తేలిపోయిన 231 స్థానములలో 188 ఫిస్‌కు దక్కినవి. దానికి 32 లక్షలకు పైగా వోట్లు, అనగా చెల్లిన వోట్లలో 47 శాతము వచ్చినవి. ఎఫ్.ఎల్.ఎన్.కు 16 లక్షల వోట్లు వచ్చినను స్థానములు పదునైదింటికి మించలేదు. అందులో మూడవవంతు వోట్లు మాత్రమే పొందిన సోషలిస్టు కూటమికి, తన బలము బెర్బరు ప్రాంతమున గుమిగూడి యుండుటచేత, 25 స్థానములు లభించినవి. నియోజకవర్గమునకొక్క స్థానము, అదియు గెలిచినవానికే, అను ఈ పద్ధతి తనకు లాభించునని తలచి ఏర్పఱచుకొన్నది పాలకపక్షమే. ఇంకొక లెక్కయు గమనింపదగినది. అంతకు ముందటి స్థానిక ఎన్నికలతో పోల్చినచో ఫిస్‌కు పదిలక్షల వోట్లు తగ్గినవి. నమోదైన వోటర్లలో దానికి వోటు వేసినవారు నలుగురిలో ఒక్కరు. దేశమంతయు మతరాజ్యమును కోరినదను మాట ఆ లెక్కలలో ఎచ్చటను లేదు. అయినను మిగిలిన స్థానములలో మఱి 28 వచ్చినచో పార్లమెంటు ఫిస్ చేతిలోనికి పోవును. ఊపు చూడగా అంతకు మించియే వచ్చునట్లు తోచినది.

రెండవ విడత 1992 జనవరి 16న జరుగవలసియుండెను. సోషలిస్టు నాయకుడు హోసీన్ ఆయిత్ అహమద్ జనవరి 2న రాజధాని వీథులలో బ్రహ్మాండమైన ఊరేగింపు జరిపించి, పోలీసు రాజ్యమును వలదు, మతరాజ్యమును వలదు అని చాటెను. ఎన్నికను మాత్రము ఆపరాదని పట్టుబట్టెను. తక్కిన లౌకికవాదులలో పెక్కుమందికి అంత గుండెదిటవు లేక సైన్యమువైపు చూచిరి. జనవరి 11న బెన్‌జదీద్ టెలివిజనులో కనిపించి రాజీనామా ప్రకటించెను. ఎన్నిక రద్దయ్యెను, మార్చిలో ఫిస్ నిషేధింపబడెను, వేలాదిమంది సహారా ఎడారిలోని నిర్బంధశిబిరములకు తరలింపబడిరి. వోటుతో వచ్చినవారికి తలుపు మూసివేయగా, వోటును మొదటినుండియు ఏవగించుకొనిన సాయుధ ముఠాలకు బలము చేకూరినది. తరువాతి పదేండ్లలో లక్షకు పైబడి, కొందఱి అంచనా ప్రకారము రెండు లక్షలమంది ప్రాణములు కోల్పోయిరి. 1992 ఫిబ్రవరిలో విధించిన అత్యవసర పరిస్థితి 2011 వఱకు తొలగలేదు.

1992 జూనులో అమెరికా విదేశాంగశాఖ ఉన్నతాధికారి ఎడ్వర్డ్ జెరెజియన్, మనిషికొక వోటు మంచిదే గాని అది ఒక్కసారితో సరిపెట్టు వోటు కారాదని చెప్పెను. ఆ హెచ్చరికలో న్యాయము లేకపోలేదు; కాని అరబ్బు నియంతలకు అది వేదవాక్యమైనది. ఒక్కసారి వోటును గూర్చి బెంగపెట్టుకొన్నవారు, ఒక్కసారియు సరియైన వోటు జరుగనీయని పాలకులను మాత్రము ఏండ్ల తరబడి భరించిరి.

ట్యునీసియా: చెఱలో మొదలైన సంధి

పొరుగుననే యున్న ట్యునీసియా చిన్న దేశము. 1956లో స్వాతంత్ర్యము వచ్చిన వెంటనే పాలకుడైన హబీబ్ బూర్గీబా కుటుంబ చట్టమును సంస్కరించి బహుభార్యాత్వమును నిషేధించెను. నోటిమాటతో భార్యను విడుచు ఆచారమును రద్దుచేసి విడాకులను న్యాయస్థానమునకు అప్పగించెను. అరబ్బు స్త్రీలకు అంతటి హక్కులు ఆనాడు మఱెచ్చటను లేవు. కాని అదే చేతితో ఆయన ప్రతిపక్షములను అణచి, 1975లో తన్ను యావజ్జీవాధ్యక్షునిగా ప్రకటింపజేసికొనెను. దీని ఫలితముగా స్త్రీల హక్కులు నియంత పేరుతో ముడిపడిపోయినవి. నియంతను ఎదిరించువాడు స్త్రీల హక్కులనే ఎదిరించుచున్నాడేమోయను సందేహము చదువుకొన్న యిండ్లలో స్థిరపడినది.

రాషిద్ గన్నూషీ అను తత్త్వశాస్త్రోపాధ్యాయుడు తన సహచరులతో కూడి 1981లో ఒక ఇస్లామీయ ఉద్యమమును బహిరంగముగా ప్రకటించెను. కొలదికాలములోనే జైలు పాలయ్యెను. 1987లో ఆయనకు యావజ్జీవశిక్ష పడగా, అదియు చాలదు, ఉరి తీయవలయునని వృద్ధుడైన బూర్గీబా పట్టుబట్టెను. ఆ యేటి నవంబరు 7న ప్రధానమంత్రి బెన్ అలీ, అధ్యక్షుడు పాలనకు అశక్తుడని వైద్యులచేత వ్రాయించి తానే గద్దెనెక్కెను. క్రొత్త ప్రభువు మొదట తీయగా మాటాడెను. ఖైదీలను విడిచెను, టెలివిజనులో నమాజు పిలుపు వినిపింపజేసెను, అన్ని పక్షములతో జాతీయ ఒడంబడికపై చేవ్రాలు చేయించెను. మతము పేరుతో పార్టీ పెట్టరాదను చట్టమునకు లోబడి గన్నూషీ అనుచరులు తమ సంస్థకు అన్నహ్దా యని క్రొత్త పేరు పెట్టుకొనిరి. 1989 ఏప్రిల్ ఎన్నికలలో స్వతంత్రులుగా నిలిచిన వారి అభ్యర్థులకు ప్రభుత్వపు లెక్కల ప్రకారమే ఇంచుమించు ఏడింట ఒక వంతు వోట్లు వచ్చినవి. పార్లమెంటులోని 141 స్థానములు మాత్రము ఒక్కటియు మిగులక పాలకపక్షమునకే దక్కినవి.

ఆ వోట్ల లెక్క బెన్ అలీని మేలుకొలిపినది. గన్నూషీ దేశము విడిచి చివరకు లండను చేరెను. 1991లో రాజధానిలోని పాలకపక్ష కార్యాలయముపై జరిగిన దహనకాండలో కావలివాడొకడు మరణించుటతో అణచివేతకు సాకు దొరకినది. వేలాదిమంది చెఱసాలల పాలైరి. లౌకిక ప్రతిపక్షములలో కొన్ని నోరు మెదపలేదు, కొన్ని చప్పట్లు కొట్టినవి. అల్జీరియానుండి దినదినము వచ్చు నరమేధవార్తలు వారి మౌనమునకు సమర్థనగా పనికివచ్చినవి. పదేండ్లు తిరుగకముందే ఆ పోలీసులే వారి గుమ్మముల ముందును నిలిచిరి.

అప్పుడు కనువిప్పు కలిగినది. 2005 అక్టోబరు 18న, ఐక్యరాజ్యసమితి సమాచార సదస్సునకు ట్యునిస్ నగరము ముస్తాబగుచున్న తరుణమున, ఎనిమిదిమంది నిరాహారదీక్షకు కూర్చుండిరి. వారిలో మధ్యేవాద నాయకుడు నజీబ్ షబ్బీ యుండెను, కమ్యూనిస్టు హమ్మా హమ్మామీ యుండెను, అన్నహ్దాకు చెందిన న్యాయవాది సమీర్ దిలూయు ఉండెను. పాతికేండ్లుగా ఒకరినొకరు దేశద్రోహులుగా భావించినవారు ఒకే కప్పుక్రింద ఆకలితో నెల దినములు గడపిరి. దీక్ష ముగిసినను కలయిక ముగియలేదు. ఆ దినము పేరుతోనే ఒక వేదికను ఏర్పఱచుకొని స్త్రీపురుష సమానత్వమును గూర్చియు, మతవిశ్వాస స్వేచ్ఛను గూర్చియు, రాజ్యమునకును మతమునకును గల సంబంధమును గూర్చియు ఏండ్ల తరబడి వాదించి ఉమ్మడి పత్రములు వ్రాసికొనిరి. అంతకుముందే, 2003లో, ఫ్రాన్సునందు సమావేశమైన ప్రవాసులును అట్టి ప్రయత్నమునే చేసియుండిరి. బూర్గీబానాటి కుటుంబచట్టమును తాము ముట్టబోమని అన్నహ్దా వ్రాతపూర్వకముగా చెప్పవలసివచ్చెను. ఇస్లామీయవాదులకును పోటీచేయు హక్కు కలదని లౌకికవాదులు ఒప్పుకొనవలసివచ్చెను. ఇదంతయు తిరుగుబాటునకు ముందే, వోటుపెట్టె కనుచూపుమేరలో లేనప్పుడు జరిగినది. అల్జీరియాకు దక్కని భాగ్యమదియే.

వోటు లెక్కించు విధానము

2010 డిసెంబరు 17న సీదీ బూజీద్ పట్టణమున అధికారుల వేధింపునకు తాళలేక వీథివ్యాపారి మొహమ్మద్ బూఅజీజీ ఒంటికి నిప్పంటించుకొనెను. నెల తిరుగకముందే, 2011 జనవరి 14న, బెన్ అలీ సౌదీ అరేబియాకు పాఱిపోయెను. ఇరువదేండ్లకు పైగా పరదేశముననుండిన గన్నూషీ ఆ నెలాఖరున తిరిగివచ్చెను. ఇక రాజ్యాంగసభకు ఎన్నిక జరుపవలసియున్నది. ఏ పద్ధతిని జరుపవలయును?

ఇందుకై ఏర్పడిన సమితిలో అన్ని పక్షములవారును కూర్చుండి, మన దేశములో వలె నియోజకవర్గమునకొక్కరిని గెలిపించు పద్ధతిని కాదని, పార్టీలకు వోట్ల దామాషాను బట్టి స్థానములు పంచు పద్ధతిని, అందును చిన్న పార్టీలకు అనుకూలమైన లెక్కను ఎన్నుకొనిరి. జాబితాలలో స్త్రీపురుషుల పేర్లు ఒకటి విడిచి ఒకటి యుండవలయునను నియమమును చేర్చిరి. 2011 అక్టోబరు 23న అన్నహ్దాకు 37 శాతము వోట్లును, 217లో 89 స్థానములును వచ్చినవి. అల్జీరియాలో 47 శాతముతో అన్నింటిని ఊడ్చుకొనిపోవు పద్ధతి. ఇచ్చట 37 శాతముతో ఒంటరిగా పాలింపజాలని పద్ధతి. తన తఱువాతి పార్టీకంటె మూడురెట్లు పెద్దదైనను అన్నహ్దా రెండు లౌకిక పక్షములను కలుపుకొని మంత్రివర్గము నేర్పఱచినది. ఆ పక్షములవారే అధ్యక్షపదవిని, సభాపతిపదవిని అలంకరించిరి. వోటు లెక్కించు సూత్రమే ఓడినవారికి మొదటి అభయపత్రమైనది.

ఆ మంత్రివర్గములో హోంశాఖ అన్నహ్దా నాయకుడు అలీ లారయెద్‌నకు దక్కినది. బెన్ అలీ కాలమున ఆయన పదునాలుగేండ్లకు పైగా జైలులో, అందులోను పెక్కేండ్లు ఒంటరి కొట్టులో గడపినవాడు. తన్ను హింసించిన శాఖకే మంత్రియై వచ్చెను. ప్రతీకారమునకు దిగునేమోయని పోలీసు అధికారులు బిక్కుబిక్కుమనిరి, అట్టిదేమియు జరుగలేదు. పాతపాలకులను ఎన్నికలనుండి బహిష్కరింపవలయునను ప్రతిపాదన 2014లో రాజ్యాంగసభ ముందునకు వచ్చినప్పుడు, అన్నహ్దా నాయకత్వము దానిని వ్యతిరేకించుటచేత, ఒక్క వోటు తక్కువై వీగిపోయినది.

అయినను దారి పూలబాట కాలేదు. ముసాయిదా రాజ్యాంగములో స్త్రీని పురుషునకు పూరకముగా వర్ణించిన వాక్యమును చూచి 2012 ఆగస్టు 13న వేలాది స్త్రీలు వీథులకెక్కగా అది తొలగింపబడినది. ఛాందస మతవాదులైన సలఫీ ముఠాల ఆగడములపట్ల ప్రభుత్వము మెత్తగా నున్నదను ఆరోపణ బలపడినది. అందులో నిజము లేకపోలేదు. 2013 ఫిబ్రవరిలో వామపక్ష నాయకుడు షుక్రీ బెలాయిద్, జూలై 25న రాజ్యాంగసభ సభ్యుడు మొహమ్మద్ బ్రాహ్మీ హత్యకు గుఱియైరి. జనము సభాభవనము ముందు బైఠాయించి ప్రభుత్వము దిగిపోవలయునని గర్జించిరి. ఆ నెల ప్రారంభముననే ఈజిప్టులో, వోటుతో గెలిచిన ముస్లిం బ్రదర్‌హుడ్ అధ్యక్షుడు ముర్సీని సైన్యము పడద్రోసియుండెను. ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో ఆయన మద్దతుదార్లను భద్రతాదళములు వందలకొలది కాల్చిచంపినవి. ట్యునిస్‌లో లౌకికవాదులు కొందఱు అట్టి సైన్యము తమకును ఉన్న బాగుండుననుకొనిరి. అన్నహ్దావారు తమకును అట్టి గతి పట్టునేమోయని వణకిరి.

సైన్యము రాలేదు. బూర్గీబా దానిని చిన్నదిగాను, రాజకీయములకు దూరముగాను ఉంచియుండెను. దానికి బదులు, 1946లో స్థాపితమైన కార్మిక మహాసమాఖ్య, తన చిరకాల ప్రత్యర్థియైన పారిశ్రామికాధిపతుల సంఘముతోను, మానవహక్కుల సంఘముతోను, న్యాయవాదుల మండలితోను చేతులు కలిపి మధ్యవర్తిత్వమునకు పూనుకొన్నది. గన్నూషీయు, పాతపాలనలో మంత్రిగా పనిచేసిన లౌకిక ప్రతిపక్షనాయకుడు ఎస్సెబ్సీయు పారిసులో రహస్యముగా కలిసికొనిరి. నెలల తరబడి సాగిన బేరముల పిమ్మట, అప్పటికి ప్రధానమంత్రియైయుండిన లారయెద్ 2014 జనవరిలో, ఏ వోటులోను ఓడకయే, పదవి విడిచెను. ఆ నెల 26న క్రొత్త రాజ్యాంగమునకు 216లో 200 వోట్లు పడినవి. మతమునకు రాజ్యము సంరక్షకమనియు, అంతఃకరణ స్వేచ్ఛకు హామీ యనియు, ఒకరినొకరు మతభ్రష్టులని ముద్రవేయుట నిషిద్ధమనియు ఒకే అధికరణములో చేర్చి వ్రాసికొనిరి. తర్కమునకు అతుకులు కనబడవచ్చును. కాని ఆ యతుకులలోనే ఇరుపక్షముల అభయమును ఉన్నది. మధ్యవర్తులైన నాలుగు సంస్థలకును 2015లో నోబెల్ శాంతిబహుమతి లభించినది.

కట్టని న్యాయస్థానము

ఇచ్చటితో కథ ముగిసియుండినచో ట్యునీసియా లోకమునకు ఆదర్శముగా నిలిచియుండెడిది. కాని ఒడంబడిక నాయకుల నడుమ కుదిరినంత గట్టిగా సంస్థలలో కుదురుకొనలేదు. చట్టములు రాజ్యాంగబద్ధములా కావా యని తేల్చుటకు పండ్రెండుగురు సభ్యుల రాజ్యాంగ న్యాయస్థానమును ఏడాదిలోగా ఏర్పఱుపవలయునని 2014 రాజ్యాంగము శాసించినది. నలుగురిని పార్లమెంటును, నలుగురిని న్యాయమండలియు, నలుగురిని అధ్యక్షుడును ఎన్నుకొనవలసియుండెను. పార్లమెంటు ఏండ్ల తరబడి కీచులాడి ఒక్కరిని మాత్రమే ఎన్నుకొనగలిగినది. తనవాడు కాని న్యాయమూర్తిని ఏ పక్షమును నమ్మలేదు. గద్దెపై నున్నవారికి తాము ఓడిననాటి సంగతి తోపలేదు.

రెండవ లోపము ఇంకను పెద్దది. ఓడినవారికి ఇచ్చిన అభయము క్రమముగా తప్పుచేసినవారికిచ్చిన అభయముగా మాఱినది. పాతపాలనలో అక్రమములకు సహకరించిన అధికారులకు క్షమాభిక్ష నిచ్చు చట్టము 2017లో అన్నహ్దా వోట్లతోనే గట్టెక్కినది. పైవారు రాజీపడిరి, సీదీ బూజీద్ వంటి లోనాడులలో నిరుద్యోగి మాత్రము నిరుద్యోగిగానే మిగిలెను. 2016 మహాసభలో మతబోధను రాజకీయమునుండి వేఱుచేసితిమని ప్రకటించిన అన్నహ్దా, తన పాతభక్తులకు పలుచనై, క్రొత్తవారికి నమ్మరానిదై, 89 స్థానములనుండి 69కి, 2019లో 52కు దిగజారినది.

ఆ యేడే న్యాయశాస్త్రాధ్యాపకుడు ఖైస్ సయీద్ ఏ పార్టీయు లేకుండ 70 శాతమునకు పైగా వోట్లతో అధ్యక్షుడయ్యెను. 2021 జూలై 25న ఆయన రాజ్యాంగములోని 80వ అధికరణమును పేర్కొని పార్లమెంటును స్తంభింపజేసెను. ఆ అధికరణము అత్యవసర సమయమున పార్లమెంటు నిరంతరము సమావేశమై యుండవలయునని చెప్పుచుండెను. సభాపతియైన గన్నూషీ వచ్చి చూచుసరికి సభాభవనము గేటు మూసియున్నది, లోపల సైనికులున్నారు. ఇది రాజ్యాంగవిరుద్ధమని తీర్పుచెప్పుటకు న్యాయస్థానము లేదు. వీథులలో జనము హర్షధ్వానములు చేసిరి. లౌకికవాదులలో పెక్కుమంది, పీడ విరగడయైనదని ఊపిరి పీల్చుకొనిరి.

తరువాత జరిగినది అంతయు పాతపాఠమే. 2022లో సయీద్ తన రాజ్యాంగమును తానే వ్రాసికొనగా, ప్రజాభిప్రాయసేకరణలో మూడింట ఒకవంతు వోటర్లైనను పాల్గొనలేదు. ఇస్లాము పరమాశయములను సాధించు బాధ్యత రాజ్యమునకొక్కదానికే చెందునని అందులో వ్రాయబడినది. ఇస్లామీయ పార్టీని పడగొట్టినవాడే ఇస్లామునకు గుత్తదారుడైనాడు. గన్నూషీ 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యెను. లారయెద్‌నకు 2025లో 34 ఏండ్ల శిక్ష విధించిరి. అంతతో ఆగలేదు. అదే సంవత్సరము రాజ్యభద్రతపై కుట్ర చేసిరను నేరమునకు పదులకొలది ప్రతిపక్షులకు దీర్ఘకాల శిక్షలు పడినవి. వారిలో లౌకికవాదులు ఎక్కువ, 2005లో నిరాహారదీక్ష చేసిన నజీబ్ షబ్బీయు వారిలో ఒకడు.

ఈ రెండు దేశముల అనుభవమునుండి తేలునది, ఇస్లామీయ పార్టీలు ఎల్లప్పుడును విశ్వసనీయములని కాదు. బెల్హాజ్ వంటివారి మాటలు విని భయపడినవారిది వట్టి భ్రమయనియు కాదు. భయము సహేతుకమైనదే. దానికి మందుగా నియంతను తెచ్చుకొనుటయే అనర్థమునకు మూలము. శత్రువును అణచుటకు పిలిచినవాడు ఆ పని ముగిసిన పిదప ఆగడు. శత్రువుకొఱకు కట్టిన జైలులో పిలిచినవారికిని గది సిద్ధముగానే యుండును. వోటునకు ముందే సంధి, సంధిని కాపాడు లెక్కింపు పద్ధతి, లెక్క తప్పిననాడు తీర్పుచెప్పు న్యాయస్థానము, సంధి పేరుతో అక్రమములను మాఫీచేయని జవాబుదారీతనము, ఈ నాలుగును కుదిరిననాడే ఓడినవాడు నిర్భయుడగును. ట్యునీసియా మొదటి రెండింటిని సాధించి, కడపటి రెండింటిని వాయిదావేసినది. ఆ వాయిదాకు పడిన వడ్డీని ఇప్పుడు అన్ని పక్షములవారును ఒకే జైలులో కూర్చుండి చెల్లించుచున్నారు.